టీచరమ్మ చివరి శిష్యుడు

"ఆపు!" అంటూ టీచరమ్మ తన వైపున్న బ్రేకు తొక్కింది.

కారు కీచుమంటూ ఆగింది. రోడ్డు మీదికి దొర్లుకొచ్చిన బంతి చక్రాల ముందు నుంచి అవతలికి పోయింది.

"బంతే కదా టీచర్," అన్నాడు శిష్యుడు.

"బంతి ఒక్కటే ఎప్పుడూ రాదు. వెనకాల దాని తాలూకు మనిషి వస్తాడు. అదిగో."

నిజంగానే గేటు తోసుకుని ఓ చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చింది.

"అర్థమైంది టీచర్. ఇంకెప్పుడూ మర్చిపోను."

మర్చిపోలేదు కూడా. వాడిలో టీచరమ్మకు నచ్చింది అదే. ఒకసారి చెబితే చాలు, రాతి మీద గీత.

ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆమె ఆ డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతోంది. స్కూలు పెట్టింది భర్త. అప్పటి కారు అగ్గిపెట్టెంత ఉండేది. రెండే తలుపులు, గుండ్రటి దీపాలు. చలికాలం పొద్దున చోక్ లాగి, బతిమాలి, నాలుగు తిట్లు తిడితే గానీ స్టార్టయ్యేది కాదు. పక్కకి తిరగాలంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాల్సిందే. ఆ కారులోనే భర్త ఆమెకు డ్రైవింగ్ నేర్పాడు. నేర్పుతూ నాలుగుసార్లు పోట్లాడాడు, అయిదోసారి మెచ్చుకున్నాడు.

ఆ కారుకే కంపెనీ కొత్త కొత్త రూపాలు తెస్తూ వచ్చింది. స్కూలూ కొంటూ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కారుకి ఒళ్ళు పెరిగేది, డ్రైవరుకి పని తగ్గేది. ముందు చోక్ పోయింది. భర్త పోయిన ఏడాదే క్లచ్చు కూడా పోయింది.

"ఇక నేర్పడానికేం మిగిలింది వదినా, తిరగలి తిప్పినట్టు స్టీరింగ్ తిప్పడమేగా!" అని నవ్వాడు మరిది. అన్న తర్వాత స్కూలు చూసుకునేది అతనే.

ఆ తర్వాత తాళంచెవి పోయి ఓ బొత్తం వచ్చింది. దీపాలు మాత్రం ఎప్పుడూ ఆ గుండ్రటి దీపాలే. వాటి మొహం చూసే ఆమె ప్రతి కొత్త కారునీ క్షమించేది.

ఈసారి సరికొత్త కారు వచ్చిన రోజే శిష్యుణ్ణీ అప్పగించాడు మరిది.

"కంపెనీవాళ్ళు ప్రత్యేకంగా మిమ్మల్నే అడిగారు వదినా. చదువంతా అయిపోయింది. రూల్సన్నీ కంఠతా. ఊళ్ళో నడపడం మాత్రం మీ చేతిమీదుగా రావాలట. ఆరు నెలలు."

అందరినీ "మీరు" అనే టీచరమ్మ, వీణ్ణి మాత్రం మొదటి పూటే "నువ్వు" అనేసింది. వాడేమీ అనుకోలేదు. ఎంత తిట్టినా నొచ్చుకునేవాడు కాదు. చెప్పిందే పదిసార్లు చెప్పినా విసుక్కునేవాడు కాదు.

తనకు తెలిసిందంతా వాడికి నూరిపోసింది. వాన మొదలయ్యాక మొదటి పది నిమిషాలూ రోడ్డు సబ్బు రాసినట్టుంటుందని చెప్పింది. ఆస్పత్రి గేటు దగ్గర నడిచేవాళ్ళు ఇటూ అటూ చూడరు, వాళ్ళ తరఫున మనమే చూడాలని చెప్పింది. ఇవేవీ ఏ పుస్తకంలోనూ లేవు. కొన్ని భర్త చెప్పినవి, కొన్ని తను భయపడి నేర్చుకున్నవి.

మూడో నెలలో బ్రేకు మీద నుంచి కాలు తీసేసింది. అయిదో నెలలో ఓ మధ్యాహ్నం, కారు వెళుతుండగానే కునుకు తీసింది. స్కూల్లో చేరాక అలా ఎప్పుడూ జరగలేదు.

'కడుపున పుట్టకపోతేనేం!' అనుకుంది, మెలకువ వచ్చాక.

ఆరో నెల చివర్లో మరిది ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఆమెకు కుర్చీ చూపించి, తను నిలబడే ఉన్నాడు.

"స్కూలు ఎత్తేస్తున్నా వదినా. ఇకనుంచి జనాన్ని ఎక్కించుకుని తిప్పుతాం. దానికి వాడొక్కడు చాలు."

"మరి నేను?"

మరిది గోడ వంక చూశాడు. "ఇన్నేళ్ళు కష్టపడ్డారు. ఇక ఇంటిపట్టున హాయిగా..."

"అంటే నా చోటు కోసమే వాణ్ణి నా చేత తయారుచేయించావా?"

"ముందే చెబితే మీరు నేర్పేవారా వదినా?"

"బయట బోర్డు మీద ఉన్నది మీ అన్న పేరు," అంది టీచరమ్మ.

మరిది సంగతి ఆమెకు కొత్త కాదు. గాలి ఎటు వీస్తే అటు తిరిగే మనిషి. ఆమె కోపమంతా శిష్యుడి మీదే.

విసురుగా వెళ్ళి కారు తలుపు తీసి, తన సీట్లో కూర్చుంది. వాడు సిద్ధంగానే ఉన్నాడు.

"ఇంటికేనా టీచర్?"

ఆమె తలుపు దభాలున వేసింది. కారు మెత్తగా వీధిలోకి మళ్ళింది. అంత మెత్తగా మళ్ళించడం ఆమె నేర్పిందే.

"స్కూలు తీసేస్తారని నీకు తెలుసా?"

"తెలుసు టీచర్."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"రోజూ నీ పక్కనే ఉన్నానే! ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"మీరు అడగలేదు టీచర్."

ఆ గొంతులో వణుకు లేదు. తప్పు చేసిన జంకు అంతకన్నా లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని టీచరమ్మ చూసింది గానీ, ఇంత నిమ్మళంగా ఆ లెక్క అప్పజెప్పేవాణ్ణి చూడలేదు.

మూడు నెలల తర్వాత మళ్ళీ బ్రేకు తొక్కింది. కాలి సత్తువంతా పెట్టి తొక్కింది. వెనక హారన్లు గొల్లుమన్నాయి.

"ఎందుకు ఆపారు టీచర్? ముందు ఎవరూ అడ్డం లేరే!"

"నేనున్నానుగా. నీకూ మీ వాళ్ళకీ ఇన్నాళ్ళూ అడ్డం నేనేగా!"

దిగేసింది. తలుపు వెయ్యకుండానే పేవ్‌మెంటు ఎక్కి నడక సాగించింది. వెనక్కి చూడకూడదనుకుంది. కళ్ళు మసకబారాయి. వెనకాల తలుపు పడ్డ చప్పుడు వినిపించింది.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకునేలోగా కారు ఆమెను దాటిపోయింది. స్టీరింగు తనంతట తానే మలుపు తిరుగుతోంది, దాని వెనకున్న సీటు, మొదటి రోజు నుంచీ ఉన్నట్టే, ఖాళీగా ఉంది.