టవరు లేని కబురు

"మోగిందా సారూ?"

"ఆగు పెద్దాయనా. బ్యాటరీ ఇప్పుడేగా వేసింది."

లాలు బల్ల మీదికి మెడ సాచాడు. ప్రతి మంగళవారం అశ్వారావుపేట అవతలి తండా నుంచి ఖమ్మం బస్సెక్కి, పక్క మెస్సులో విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు దించేసి, తిన్నగా వెంకటకృష్ణ పేజర్ల రిపేరు దుకాణానికి వస్తాడు. ఒక కోత కొయ్యందే కూర్చోడు.

"ఇయ్యాల మా బస్సుల ఎలుగ్గొడ్డు ఎక్కింది సారూ. కండక్టరు టికెట్ అడిగితే, 'ఎనక లాలు ఇస్తడు' అని నా దిక్కు చూపెట్టింది!"

వెంకటకృష్ణ నవ్వలేదు. చందు పోయాక అతను నవ్వడం మరిచిపోయాడు. ఇంటర్ చదివే ఒక్కగానొక్క కొడుకు. స్నేహితులతో పర్ణశాల చూడ్డానికి వెళ్ళి, గోదావరిలో స్నానానికి దిగి మునిగిపోయాడు. ఆ తరవాత నెలల తరబడి, భార్య నిర్మలాదేవి పంపిన క్యారియరు మూత తియ్యకుండానే ఇంటికి వెళ్ళేది. పక్క మెస్సులో అందరూ ఆ సంగతే చెప్పుకునేవాళ్ళు.

లాలు నోట నిజం వినాలంటే పంచాంగం చూసుకోవాల్సిందే. కానీ మొదటిసారి వచ్చిన రోజు తన కొడుకు సంగతి మాత్రం ముసలాయన నవ్వకుండా చెప్పాడు.

"మా రవికుమార్ లారీ మీద ఒడిశా దిక్కు పోయిండు సారూ. మళ్ళ రాలే. దీంట్ల కబురు చేస్తనని నా చేతుల పెట్టిపోయిండు. మోగుతలేదు, జర సూడు."

గీతలు పడ్డ ఆ పేజరు బాగానే ఉంది. మోగించే టవరే లేదు. సెల్‌ఫోన్లు వచ్చి పేజర్ల కంపెనీ మూతపడింది. ఆ మాట చెప్పడానికి వెంకటకృష్ణకు నోరు రాలేదు. తన కొడుకు ఎలాగూ రాడు. ఈ ముసలాయనకు ఎదురుచూపైనా ఉండనీ అనుకున్నాడు.

బల్ల కింద టెస్టు సెట్టు ఉంది, చిన్న సూట్‌కేసంత పెట్టె. పేజరు నంబరు కొట్టి, నాలుగు మాటలు టైపు చేసి మీట నొక్కితే టవరు పంపినట్టే సిగ్నల్ పంపుతుంది. కబురు ఎక్కణ్ణుంచి వచ్చిందో పేజరుకు తెలియదు.

మొదటిసారి ఏం టైపు చెయ్యాలో తోచలేదు. చందు రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి అడిగే మాటే వేళ్ళకు వచ్చింది. ఇవాళా అదే నొక్కాడు. పేజరు కీచుమంది.

"మోగింది! సదువు సారూ, నాకు ఇంగ్లీషు అక్షరాలు రావాయె."

"నాన్నా... తిన్నావా?"

"గట్ల గొణుగుతవేంది? జర గట్టిగ సదువు."

"నాన్నా, తిన్నావా?" వెంకటకృష్ణ గట్టిగా చదివాడు.

"ఇగో, తింటున్న బిడ్డా" అని పేజరుకు జవాబు చెప్పి, లాలు జొన్నరొట్టెల మూట విప్పాడు. "నువ్వు గూడ క్యారియరు తియ్యి సారూ. పోరడు గంత ప్రేమగ అడిగినంక ఒక్కన్నే తింటే నాకు అరగదు."

ఇది ప్రతి మంగళవారం జరిగేదే. వెంకటకృష్ణ అన్నం కలిపాడు. సగం తిన్నాక చెయ్యి ఆగింది.

"పెద్దాయనా, రేపు మూతపడ్డ కంపెనీ తాలూకు వాళ్ళు వచ్చి ఈ పెట్టె పట్టుకుపోతారు. ఇక నీ పేజరు మోగదు."

"పెట్టె పోతే మా పోరని కబురెందుకు ఆగుతది?"

"అవి మీవాడి కబుర్లు కావు. అన్నీ నేనే పంపాను."

ముసలాయన కూలబడిపోతాడేమోనని వెంకటకృష్ణ బల్ల దాటి రాబోయాడు. లాలు తాపీగా రొట్టె నములుతూనే ఉన్నాడు.

"ఎరుకే సారూ. మొదటి దినమే ఎరుక. మా తండా పిల్లలు తండ్రిని 'బా' అంటరు. నాన్నా అనరు."

"తెలిసీ ఇంత దూరం ఎందుకొచ్చావయ్యా, వారం వారం?"

లాలు క్యారియరు అతని వైపు జరిపాడు. "సల్లారుతది, తిను" అన్నాడు. వెంకటకృష్ణ చివరి ముద్ద తినేదాకా కూర్చుని, క్యారియరు గిన్నెలోకి ఒకసారి తొంగిచూసి లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పేజరు బల్ల మీదే ఉండిపోయింది.

"పేజరు మరిచిపోయావు!" వెంకటకృష్ణ వెనకాలే గుమ్మందాకా వచ్చాడు. "బెంగపెట్టుకోకు. లారీ ఆఫీసులన్నీ నేను తిరుగుతాను. మీ రవికుమార్‌ని నేను వెతికిస్తాను."

మెట్టు దిగబోతున్న లాలు ఆగాడు. ఈసారి అతని ముఖంలో కోతల జాడ లేదు.

"నాకు కొడుకులు లేరు సారూ."