బంతి గుంతలో పడ్డాక

"భుజం కాదమ్మా, నడుం తిప్పండి," అన్నాడు కండల మాస్టారు.

"ఇంతకన్నా తిప్పితే ఇంటికి వెనక్కి నడిచి వెళ్ళాలి," అంది డెబ్బై ఏళ్ళ పెద్దావిడ.

జిమ్‌లో బరువులెత్తించే మాస్టారికి, గోల్ఫ్ ఆడేవాళ్ళకు వ్యాయామం నేర్పే సర్టిఫికెట్ కోసం అది ఆఖరి పరీక్ష: గోల్ఫ్ ఆడే ఈ పెద్దావిడకు సరిపడే ప్లాను వేయాలి. పరీక్షాధికారిణి మూల కుర్చీలో కూర్చుని మార్కులు వేస్తోంది.

ఆయన తన ప్లాను చూపించాడు. "మూడు నెలల్లో మీ బంతి ఇరవై గజాలు ఎక్కువ దూరం పోతుంది."

"పోయి?"

మాస్టారు ప్లాను కాగితం కిందికి దించాడు. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"మరి మీకేం కావాలమ్మా?"

ఆవిడ మోకాళ్ళ వంక చూసుకుంది. "గుంతలో పడ్డ బంతిని వంగి తీసుకోలేను నాయనా. మా తోటికోడలు తీసిచ్చి, 'ఫర్లేదులే అక్కా, నేనున్నాగా' అంటుంది. ఆ మాట పడలేక ఏడాదిగా కావాలనే గుంత తప్పించి కొడుతున్నా."

"ఆవిడకి తెలుసా?"

"పిచ్చిది, తనే గెలుస్తున్నాననుకుంటోంది."

మాస్టారు ప్లానులో ఇరవై గజాల లైనును కొట్టేశాడు. నేల మీద బంతి పెట్టి, గోల్ఫ్ కర్ర ఊతంగా పట్టించి, ఒక కాలు వెనక్కి లేపించి, ఆవిడను మెల్లగా ముందుకు వంచాడు. రెండుసార్లు అందలేదు. మూడోసారి బంతి ఆవిడ గుప్పిట్లోకి వచ్చింది.

"టైమైపోయింది," అంది పరీక్షాధికారిణి. "కొత్త ప్లాను రాయనేలేదే మీరు?"

"నేను చెబుతా, రాసుకో తల్లీ," అంది పెద్దావిడ, రొప్పుతూ. "ఆదివారం మా తోటికోడలు ఓడిపోతుంది."

పరీక్షాధికారిణి నవ్వు ఆపుకుంటూ అదే రాసి, కింద సంతకం పెట్టింది.