పాత వెర్షన్‌కి సెలవు

ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆ సాఫ్ట్‌వేర్‌ని ఏళ్లతరబడి ఆవిడే కనిపెట్టుకుని ఉంది. పాత వెర్షన్‌ని ఇక సాగనంపాలనుకుని, ముందుగా వెబ్‌సైట్లో అందరినీ అడిగింది: "దీన్ని ఇంకా ఎవరైనా వాడుతున్నారా?"

వచ్చిన జవాబు ఒక్కటే. "మీ ఇంట్లో ఒకరు." కింద పేరు లేదు.

"ఎవడో పనిలేనివాడు వదినా," ఫోన్లో నవ్వాడు, ఆ పనిలో ఆవిడకి తోడుండే మరిది. "అయినా మనం ఆపేస్తే నడుస్తున్నవేవీ ఆగిపోవు కదా! ఇకమీదట రిపేర్లు చెయ్యం, అంతే. కానిచ్చెయ్యండి. అబ్బ, అన్నయ్య గురక ఇక్కడిదాకా వినిపిస్తోంది."

"రోజూ ఉండే కచేరీయేగా," అని ఫోన్ పెట్టేసి, కంప్యూటర్లో పాత వెర్షన్‌ని ఆపేసే బటన్ నొక్కింది.

పక్కగదిలో గురక ఆగిపోయింది.

హమ్మయ్య, అటు తిరిగి పడుకున్నట్టున్నారు అనుకుంది. మళ్లీ మొదలవుతుందని చూసింది. వంటింట్లో ఫ్రిజ్ రొద వినిపిస్తోంది. వీధిలో ఎక్కడో కుక్క మొరుగుతోంది. ఆ గదిలోంచి మాత్రం చడీచప్పుడూ లేదు.

"ఏమండీ?"

పలకలేదు. తెరమీద ఆ జవాబు కిందే ఇంకొకటి వచ్చింది.

"ఇప్పుడు ఎవరూ లేరు."