ఆయన ఉన్నారా?

"ఆయన చేసిన అప్పు మీ మెడకు చుట్టుకోదమ్మా. మీరెక్కడా సంతకం పెట్టలేదు. ఆయన పోయారని ఒక్క మాట చెబితే అప్పు వసూలుకు చేసే ఈ ఫోన్లు ఆగిపోతాయి," అన్నాడు ఉచిత సలహా కేంద్రం లాయరు.

కూతురి పోరు పడలేక వచ్చిన ఆవిడ ముఖంలో ఊరట కనిపించలేదు.

"ఇన్నాళ్ళూ వాళ్ళకేం చెప్పారు?"

"బయటికెళ్ళారు, సాయంత్రం చేయమని."

"ఎందుకమ్మా ఆ అబద్ధం?"

ఆవిడ సంచి పట్టీని వేలికి చుట్టుకుంది. "నేను ఏడుస్తానని ఇంట్లో ఎవరూ ఆయన పేరెత్తరు బాబూ. ఆ ఫోన్ చేసే అమ్మాయొక్కతే రోజూ అడుగుతుంది, ఆయన ఉన్నారా అని. అడిగినప్పుడల్లా ఏ పక్కవీధికో వెళ్ళినట్టే ఉంటుంది."

అంతలో సంచిలో ఫోన్ మోగింది. ఆవిడ బయటికి తీయగానే లాయరు చేయి చాచి అందుకుని స్పీకరు నొక్కాడు. ఇలాంటి వసూలువాళ్ళను ఒక్క మాటతో వదిలించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"ఆయన ఉన్నారా అండీ?" అంది అమ్మాయి గొంతు.

ఆవిడ అతన్ని ఆపలేదు. ఎవరో వస్తున్నట్టు తలుపువైపు చూసింది.

తెలియకుండానే లాయరూ అటే చూశాడు.

"బయటికెళ్ళారమ్మా," అన్నాడు. "సాయంత్రం చేయండి."