ర్యాకు ఊగుతోందండీ

ఆల్గోట్‌కు వాళ్ల అక్క సిగ్నేతో ఒకటే బాధ. అడగని బహుమతులు ఇస్తుంది. ఇచ్చి ఊరుకోకుండా, వాడుతున్నాడో లేదో చూడ్డానికి వస్తుంది. డెబ్బయ్యో పుట్టినరోజుకు యోగా చాప ఇచ్చింది. దాని మీద ఆయన తడి బూట్లు ఆరబెడుతున్నాడు. డెబ్బయి నాలుగో పుట్టినరోజుకు ఏకంగా ఒక పొడవాటి అట్టపెట్టె మోయించుకొచ్చింది. విప్పితే పలకలు, మరలు, మరలు తిప్పే ఒక ఆలెన్ కీ, మాటల్లేని బొమ్మల కాగితం.

"అక్కా, నేను వడ్రంగిని. స్మోలాండ్‌లో సగం ఇళ్లకు అల్మరాలు చేసిపెట్టినవాణ్ణి. నాకు రంపపు పొట్టుతో చేసిన పుస్తకాల ర్యాకా?"

"చేశావులే. ఇప్పుడు చేయట్లేదుగా? నోరు మూసుకుని బిగించు. ఊగిందంటే కాగితం మీద నంబరుంది, ఫోన్ చెయ్యి. సొంత తెలివి చూపించావో, ఊరుకోను."

ఆ పెట్టెల కంపెనీ పేరెత్తితే ఆల్గోట్‌కు ఒళ్లు మండుతుంది. ఆయన దుకాణం మూతపడింది దాని దెబ్బకే. ఆ కంపెనీ జీతం తినేవాళ్లెవరూ, సొంతవాళ్లయినా సరే, తన గడప తొక్కడానికి వీల్లేదని ఆరేళ్ల క్రితం, భార్య పోయిన ఏడాది, కేకలేసి మరీ చెప్పాడు. ఎవరూ తొక్కలేదు. ఆ మాటకొస్తే ఆ తర్వాత మిగతావాళ్లు కూడా పెద్దగా తొక్కింది లేదు. పక్కింటాయన కంచె అవతల నుంచి చెయ్యి ఊపుతాడు. ఈయనా ఊపుతాడు. ఆ వారానికి మాటలు అయిపోయినట్టే.

ర్యాకు బిగించాడు. ఊగింది. ఫోన్ చేశాడు.

"కస్టమర్ సేవ. చెప్పండి, ఏమిటి సమస్య?"

ఆ గొంతు వినగానే ఆల్గోట్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ర్యాకు... ఊగుతోందండీ."

"మీ పేరు?"

చెప్పాడు. అటువైపు పెన్ను కిందపడిన చప్పుడైంది. రాసుకుంటోంది కాబోలు.

"ముందుకా, పక్కకా ఊగేది?"

"పక్కకు."

"మూల నుంచి ఎదురు మూలకు టేపు పెట్టి కొలవండి. రెండు వైపులా ఒకే కొలత రావాలి. రాలేదంటే వెనక అట్టకు మేకులు వంకరగా పడ్డట్టు."

"ఈ సంగతి మీ కాగితంలో లేదే?"

"లేదు. కొలవండి."

సెంటీమీటరు తేడా వచ్చింది. సరిచేసి మేకులు కొడితే ర్యాకు బుద్ధిగా నిలబడింది. ఆయన సంతోషించాలి. సంతోషించలేదు. పై గురువారం పొద్దున్నే మేకులు పీకి, నాలుగు మరలు వదులు చేసి, మళ్లీ ఫోన్ చేశాడు. మగగొంతు పలికితే పెట్టేశాడు. మూడోసారికి ఆమె పలికింది.

ఆ వారం కన్నాల్లో జిగురు పోసి బిగించమంది. జిగురు పట్టిన ర్యాకును మళ్లీ ఊగేలా చేయాలంటే మంచి వడ్రంగే కావాలి. ఆల్గోట్ చేశాడు. తర్వాతి వారం వెనక రెండు ఇనప పట్టీలు ఏటవాలుగా, ఒకదాని మీదుగా ఒకటి బిగించమంది. ఆపై బరువు పుస్తకాలు కింది అరలోకి దించమంది. ముందు కాళ్ల కింద పల్చటి చెక్కముక్కలు తోయమంది. ప్రతి గురువారం ర్యాకు ఊగుతూనే ఉంది.

"గురువారం కదా, అందరిళ్లలాగే బఠాణీ సూప్ అయిందా?" అని అడిగింది ఒకసారి.

"అయింది. డబ్బాలోది."

"ఒక్కరేనా?"

"ర్యాకు ఉందిగా."

ఆమె నవ్వింది. "మా కంపెనీవాళ్లంటే మీకు గిట్టదటగా?"

"ఎవరన్నారు?"

"...ఫైల్లో ఉందండీ."

ఆదివారం సిగ్నే కాఫీకి వచ్చింది. వస్తూనే ర్యాకును ఒక్క తోపు తోసి చూసింది.

"ఇంకా ఊగుతోందేమిట్రా? ఫోన్ ఎవరెత్తుతున్నారు? మగా, ఆడా?"

"ఆడమనిషి."

"ప్రతిసారీ ఆవిడేనా?"

"నీకెందుకు?"

"ఈ వయసులో చెవులు ఎర్రబడుతున్నాయిగా, అందుకని," అంటూ సిగ్నే రెండో యాలకుల బన్ను తీసుకుంది.

ఏడో గురువారం ఆమె గొంతు మామూలుగా లేదు.

"పైవాళ్లు చెప్పమన్నారండీ. ఇవాళ కూడా ఊగితే ర్యాకు వెనక్కి తీసుకుని ఫైలు మూసేస్తారట."

"ఊగకపోతే?"

"అప్పుడూ మూసేస్తారు."

ఆల్గోట్ ర్యాకు వంక చూశాడు. ఎటు చూసినా వచ్చే గురువారం లేదు.

"ఒక్క పని మిగిలింది," అందామె. "మీరు గోడకు బిగించలేదు. మొదటి రోజే బిగించాల్సింది."

"తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసు."

ఫోన్ స్పీకర్లో పెట్టి, గోడకు కన్నం చేసి, పై అర వెనక ఇనప పట్టీ ఆనించి మర తిప్పాడు. నింపాదిగా తిప్పాడు. ఎంత నింపాదిగా తిప్పినా మర అయిపోయింది.

"ఊపి చూడండి."

"కదలట్లేదు."

"అయితే..." ఆమె గొంతు సవరించుకుంది. "మీకు ఇంకేమైనా సాయం కావాలా?" ఫోన్ పెట్టేముందు అందరినీ అడిగే ప్రశ్నే.

"సాయం కాదు, ఒక మాట చెప్పాలి. మీ కంపెనీలో పనిచేసేవాళ్ల మొహం చూడనన్నాను. నా కోపం కంపెనీ మీద. చూపించింది మనుషుల మీద. తప్పు నాది."

"ఈ ఫోన్లన్నీ రికార్డవుతాయండీ."

"అవనీ. కాదని రేపు నేనే బుకాయించకుండా ఉంటుంది."

అటువైపు పక్క బల్లల దగ్గర ఎవరెవరి మంచాల గొడవలో, బీరువాల గొడవలో సన్నగా వినిపిస్తున్నాయి. ఆల్గోట్ ఒక చెయ్యి ర్యాకు మీద ఆనించి నిలబడ్డాడు.

"నాదీ తప్పే, నాన్నా."