ముళ్ళపంది అవ్వ దిగిన దారి

ఒక అడవిలో ఎండలు ముదిరి, చెలమలో నీళ్ళు లోతుకు పోయాయి. గట్టు దిగడం ముసలి జంతువులకు కష్టమైంది. ఎలుగుబంటి మాస్టారు తన దగ్గర చదువుకునే పిల్లలందరినీ పిలిచి, "ఈసారి మీ పాఠం ఆ గట్టు మీదే. అందరూ దిగేలా దారి వేయండి" అన్నారు.

కుందేలు పిల్ల చెంగడు అందరికంటే ముందు తవ్వడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేసరికి మెట్లు తయారయ్యాయి. చెంగుచెంగున కిందికి దిగి, వాడు తెగ పొంగిపోయాడు.

అంతలో ముళ్ళపంది అవ్వ వచ్చింది. ముళ్ళు గుచ్చుకుంటాయని ఆమె దగ్గరికి ఎవరూ పోరు. మొదటి మెట్టు దగ్గరే కాలు అందక వెనక్కి తిరిగింది.

"ఇంత కష్టపడి వేస్తే వెళ్ళిపోతుందేం?" అని జింక పిల్ల విసుక్కుంది. చెంగడికీ ఉక్రోషం వచ్చింది. కానీ ఎండిపోయిన అవ్వ మూతి చూశాక ఉండబట్టలేక వెంట పరుగెత్తాడు.

"అవ్వా, నీకెలాంటి దారైతే బాగుంటుంది?"

"ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదురా అయ్యా" అంది అవ్వ. "మెట్లొద్దు. ఏటవాలుగా ఉంటే చాలు, మెల్లగా దిగుతా."

మర్నాడు పిల్లలంతా మెట్లను ఏటవాలుగా చదును చేశారు. అవ్వ కూడా వాళ్ళతోపాటు మన్ను తొక్కింది. పని అయ్యాక మెల్లగా దిగి, తనివితీరా నీళ్ళు తాగింది. చెంగడు పక్కకు చేరితే, ముళ్ళన్నీ ఒంటికి అణచుకుని కాస్త జరిగింది.

గట్టు మీంచి చూస్తున్న జింక పిల్ల, "నాక్కూడా చోటివ్వవా అవ్వా?" అంటూ దిగి వచ్చింది.