కుడివైపు గ్లాసు

“కుడివైపుదా, ఎడమవైపుదా? ఏది జిన్నో, ఏది వోడ్కానో చెప్పండి మాస్టారూ, చాలు,” అన్నాడు యజమాని.

బల్ల మీద రెండు గ్లాసులున్నాయి. రెండింటిలోనూ మంచినీళ్లలా కనిపించే సరుకే. ముక్కు మాస్టారు ఒక్కో గ్లాసే ఎత్తి, కళ్లు మూసుకుని వాసన చూసి, తల పంకించాడు. ఏళ్ల తరబడి ఆయన ముక్కు ఒప్పుకోనిదే ఆ డిస్టిలరీ గేటు దాటి ఒక్క సీసా పోలేదు. ముక్కు మాస్టారన్న పేరు ఊరికే రాలేదు.

కానీ ఆ ముక్కు కిందటి చలికాలంలోనే పోయింది. ఇంట్లో ఆయనా, బామ్మర్దీ ఒకేసారి జ్వరంతో మంచమెక్కారు. బామ్మర్ది లేచి “నాకేం, నిక్షేపంలా ఉన్నా” అన్నాడు. మాస్టారి జ్వరం మాత్రం పోతూ పోతూ ముక్కును వెంట పట్టుకుపోయింది. ఆయనకిక సబ్బూ ఒకటే, కిరసనాయిలూ ఒకటే. భార్యకు కూడా చెప్పుకోలేక, తన దగ్గరే పనిచేసే బామ్మర్ది చెవిన వేశాడు.

“నేనుండగా నీకెందుకు బావా బెంగ? జిన్ను ఎప్పుడూ కుడివైపే పెడతా. సరుకు బాగుంటే మీసం దువ్వుతా. నువ్వు తలూపు, చాలు,” అన్నాడతడు.

రుచి చూసేవాడి కంట సీసా పడకూడదన్నది అక్కడి పాత కట్టుబాటు. కన్ను ముక్కుకి చాడీలు చెబుతుందని వాళ్ల భయం. అందుకే పక్కగదిలో ఆకుపచ్చ మూత సీసాలోంచి జిన్నూ, తెల్లమూత సీసాలోంచి వోడ్కా గ్లాసుల్లోకి వంచి తేవడం బామ్మర్ది పని. అతడు పెట్టడం, ఈయన తలూపడం. బండి సాఫీగానే నడిచింది.

మొన్న మాత్రం జిన్ను సరుకొకటి వెనక్కి వచ్చింది. నిమ్మతొక్కలు కుళ్లిన కంపు కొడుతోందని కొట్లవాళ్లు తిప్పికొట్టారు. ఆ సరుకుకీ బామ్మర్ది మీసం దువ్వాడు. “పొరపాటైంది బావా” అంటే మాస్టారు నమ్మాడు. యజమానికి మాత్రం అనుమానం తగిలింది.

అందుకే ఇవాళ యజమాని తనే తలుపు వేసుకుని గ్లాసులు నింపాడు. తెచ్చి పెట్టే పని మామూలుగానే బామ్మర్దికి అప్పగించాడు. బామ్మర్ది గుమ్మంలో ఆగి, ఎన్నడూ లేనిది, గ్లాసులు రెండూ ముక్కు దాకా తీసుకెళ్లాడు. బల్ల మీద పెట్టాక ఇటుది అటూ, అటుది ఇటూ మార్చాడు.

“కుడివైపుది జిన్ను,” అన్నాడు మాస్టారు ధీమాగా.

యజమాని ఆ గ్లాసెత్తి వాసన చూసి దించాడు.

“ఇది వోడ్కా.”

“ఇంకోసారి చూస్తానండీ. కాస్త జలుబుగా...”

“వద్దులెండి. రెండూ ఒక తల్లి బిడ్డలే, ఒకదాన్ని బొగ్గులో వడగట్టి ఉన్న వాసన పోగొడతాం, రెండోదానికి జూనిపర్ కాయలతో లేని వాసన పట్టిస్తాం అని నాకు నేర్పిందే మీరు. ఆ జిన్ను ఇక్కడిదాకా గుబాళిస్తోంది. రేపట్నుంచి మీరు విశ్రాంతి తీసుకోండి. మీ కుర్చీలో మీ బామ్మర్ది కూర్చుంటాడు.”

మాస్టారు తిరిగి చూశాడు. బామ్మర్ది నేలచూపులు చూస్తున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేననిపించింది ఆయనకి.

దారిలోనే కుట్టుదుకాణంలో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు. ఇన్నాళ్లూ దాచిన ముక్కు సంగతీ చెప్పాడు, తమ్ముడి సంగతీ చెప్పాడు. “నీ తమ్ముడు నన్ను నట్టేట ముంచాడు,” అన్నాడు. ఆమె “ఉండండి, వస్తున్నా,” అంది.

ఆయన వెనకాలే బామ్మర్దీ ఇల్లు చేరాడు. “టీ పెడతా బావా” అని పొయ్యి మీద పాలు పెట్టి, ముందుగదిలోకి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“ఎందుకురా? అడిగితే ఆ కుర్చీ నేనే ఇచ్చేవాణ్ణి కదరా!”

“నాకా కుర్చీ వద్దు బావా. అందులో ఒక్కరోజు కూడా కూర్చోలేను.”

“కూర్చోలేనివాడివి గ్లాసులెందుకు మార్చావు? ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూశావే! కుళ్లు కంపుకి మీసమెందుకు దువ్వావు?”

“చెబుదామంటే నోరు రావట్లేదు బావా...”

“ఎలా వస్తుంది? ద్రోహానికి నోరుండదు!”

వంటింట్లో చుయ్‌మని చప్పుడైంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. ముక్కు పనిచేయకపోయినా మాస్టారి కోపం మాత్రం ముక్కు మీదే ఉంది. దాని అడుగున దుఃఖం తన్నుకొస్తోంది. వాసన పోయిన రోజున కూడా ఆయన ఏడవలేదు. కన్నకొడుకులా చూసుకున్నవాడు ఇలా చేశాడే అని ఇప్పుడు కళ్లు తుడుచుకున్నాడు.

ఇద్దరూ ఎంతసేపలా కూర్చున్నారో వాళ్లకే తెలియదు.

తలుపు తోస్తూనే మాస్టారి భార్య చేత్తో ముక్కు మూసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు బుసకొడుతూ వస్తూనే ఉంది. దాన్ని కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, రొప్పుతూ ముందుగదిలోకి వచ్చింది.

“ఇల్లంతా గ్యాసే! వీధిలోకి కొడుతోంది కంపు! అగ్గిపుల్ల గీసుంటే ఏమయ్యేవాళ్లు?”

మాస్టారు తలదించుకున్నాడు. ఆమె చూపు ఆయన మీద నిలవలేదు. తమ్ముడి మీదికి మళ్లి, అక్కడే ఆగిపోయింది.

“మీకైతే వాసన తెలియదు, సరే. మరి వీడి ముక్కుకేమైంది?”